మూడో గుడిసెలో పొయ్యి

"నీకు భార్యాపిల్లలు లేరు కదూ?" కల్నల్ వూరెలా ఫైలు మూస్తూ అడిగాడు.

"లేరు సార్."

"పోతే ఏడ్చేవాళ్ళు?"

"ఎవరూ లేరు."

"అందుకే నిన్ను పిలిచాను, కార్పినెన్."

హెల్సింకిలో సెప్టెంబరు ఉదయం. బల్లమీద ఒక ఫోటో పడింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫు, సగం తిప్పుకున్న మొహం.

"కోడ్ నేమ్ గోరింక. జర్మన్ టూరిస్టు వేషం. మనకీ పనిచేస్తుంది, అవతలివాళ్ళకీ పనిచేస్తుంది. మనకి అమ్మేది చిల్లర కబుర్లు. వాళ్ళకి అమ్మేది మనుషుల్ని. ఈసారి ఆమె దగ్గర మైక్రోఫిల్ము ఉంది. మన తరఫున రహస్యంగా నది దాటి వెళ్ళొచ్చే పదకొండుమంది పేర్లు అందులో ఉన్నాయి. ఏం తీసుకెళ్తోందో ఆమెకే తెలీదు, సీలు వేసి ఇచ్చారు. లాప్లాండ్ కాలిబాటలో మూడు గుడిసెలు దాటితే సరిహద్దు నది. ఎల్లుండి నాలుగింటికి వాళ్ళ మనిషి పడవలో వస్తాడు. ఆలోపు ఫిల్ముతో సహా ఆమె మన చేతికి చిక్కాలి."

"పదకొండులో నా పేరు?"

"ఆఖరిది," అన్నాడు కల్నల్.

ఇల్మో కార్పినెన్‌కి రెండు పరికరాలు ఇచ్చారు. నిద్రమందు సూది దాచిన పెన్ను ఒకటి. రెండోది ఫ్లాస్కు: మూత రెండుసార్లు నొక్కితే సరిహద్దు గస్తీ బయలుదేరుతుంది. నలభై నిమిషాల్లో మూడో గుడిసెకి చేరుకుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం మొదటి గుడిసె చేరాడు. ఆ అడవి గుడిసెలకి తాళాలుండవు, కాపలా ఉండదు. ఉన్నది ఒకే కట్టుబాటు: వెళ్ళేవాడు వెనక వచ్చేవాడికోసం పొయ్యి పేర్చి వెళ్ళాలి. కింద భూర్జ బెరడు, మీద సన్న పుల్లలు, ఆపైన చీల్చిన కట్టెలు. గడ్డకట్టిన వేళ్ళతో వచ్చేవాడు అగ్గిపెట్టె తెరవలేడు గనుక పుల్లల తలలు కాస్త బయటికి లాగి ఉంచాలి. కన్నతల్లిని తిట్టేవాడు కూడా అక్కడ ఈ మర్యాద తప్పడు.

పొయ్యి పేర్చే ఉంది. అగ్గిపెట్టె లోంచి పుల్లలు తలలు బయటపెట్టి ఉన్నాయి.

మూడు.

ఇల్మో వంగి మళ్ళీ లెక్కపెట్టాడు. అందరూ ఒకటే లాగుతారు, లేదా గుప్పెడు లాగుతారు. మూడు లాగే మనిషిని లోకంలో ఒక్కర్నే చూశాడు. పెళ్ళయిన కొత్తలో ప్రతి శరత్తులో ఆమెతో కలిసి ఈ గుడిసెలన్నీ తిరిగేవాడు. "ఒకటి గాలికి, ఒకటి వణికే చేతికి, ఒకటి పొయ్యికి," అనేది సైమి. ఏడేళ్ళ క్రితం సరస్సులో పడవ బోల్తా కొట్టింది. స్కార్ఫు దొరికింది, మనిషి దొరకలేదు. ఖాళీ పెట్టెని పూడ్చిపెట్టి వచ్చాడు.

ఎవరో కాకతాళీయంగా లాగారులే అని మనసుకి చెప్పుకున్నాడు. మనసు వింటేగా!

రెండో గుడిసెలో ఔలిస్ అనే రెయిన్‌డీర్లు కాసే ముసలాయన మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఇతన్ని చూడగానే లేచి చోటిచ్చాడు.

"రా అబ్బాయ్, రా. వెనకొచ్చినవాడిదే మంచం. నాది అరిగిపోయిన నడుమేగా, నేల మీదైనా పడుంటుంది. మా వైపు పద్ధతిలో కాఫీలో జున్ను ముక్క వేసేదా?"

"వెయ్యి తాతా. ఈ దారిన ఎవరైనా వెళ్ళారా?"

"ఓ జర్మన్ దొరసాని వెళ్ళింది. ఎర్ర స్కార్ఫు, పెదాలకి రంగు. సరేలే, పట్నం బొమ్మ, నా చేత కట్టెలు కొట్టిస్తుందనుకున్నా. అమ్మమ్మా! గొడ్డలి అందుకుని నాలుగు దెబ్బల్లో దుంగని పేళ్ళు చేసేసింది. పొయ్యి పేర్చిందీ, మా అమ్మ పేర్చినట్టే! జర్మనీలో ఇవన్నీ ఎవరు నేర్పారే తల్లీ అంటే, నవ్వి, భాష రాదన్నట్టు చేతులు తిప్పింది."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటాను? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. అది జర్మన్ అయితే నా రెయిన్‌డీరు బిషప్పు! అదేంట్రా, కాఫీ తాగకుండా అలా తెల్లబోయావు?"

గోరింక రంగులు మార్చుకుంది, పేరు మార్చుకుంది, చచ్చిపోయినట్టు దేశమంతటినీ నమ్మించింది. పొయ్యి పేర్చకుండా గుడిసె దాటడం మాత్రం చేతకాలేదు.

మర్నాడు పొద్దున్నే ఇల్మో బయలుదేరాడు. ఫ్లాస్కు మూత అప్పుడే నొక్కాలి. డ్యూటీ తెలిసినవాడు నొక్కుతాడు. ఇల్మో వేలు మూతమీద పెట్టాడు, తీసేశాడు. ముందు ఆమె మొహం చూడాలి. ఏడేళ్ళు సమాధికి పూలు పెట్టినవాడికి ఆపాటి హక్కు లేదా?

దారికి అడ్డంగా ఒక ఏరు, వంతెన చుట్టుదారి. అడ్డదారిన ఏట్లో దిగాడు. నడుం లోతు అనుకున్నది గొంతు దాకా వచ్చింది. ఒడ్డెక్కేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి, వేళ్ళు తనవి కానట్టున్నాయి. మూడో గుడిసె వాకిట్లో నిలబడి ఫ్లాస్కు మూతని గడ్డంతో రెండుసార్లు నొక్కాడు. టైము మూడూ ముప్పైరెండు.

తలుపు తోశాడు. కిటికీ దగ్గర ఎర్ర స్కార్ఫు. గోరింకని గుర్తుపట్టడానికి కల్నల్ చెప్పిన కోడ్ మాట అన్నాడు.

"పొయ్యి పొగ వెనక్కి కొడుతోందా?"

"ఉత్తరం గాలి వీస్తేనే," అందామె అటే చూస్తూ. తర్వాత గొంతు గుర్తుపట్టింది కాబోలు, తిరిగింది. చేతిలో చిన్న పిస్తోలు. మొహం చూడగానే పిస్తోలు దించింది.

"ఇల్మో!"

"బతికే ఉన్నావన్నమాట."

"నువ్విక్కడేం చేస్తున్నావు? మ్యాపులు గీసుకునేవాడివి కదూ?"

"నువ్వు పోయాక ఈ ఉద్యోగంలో చేరాను. పోగొట్టుకోడానికి ఇంకేం మిగల్లేదని."

సైమి మంచం మీద కూలబడింది. "అవతలివాళ్ళు నిన్ను చంపుతామన్నారయ్యా. నేను చచ్చినట్టు మాయమై వాళ్ళ పని చేస్తే నిన్నొదిలేస్తామన్నారు. అందుకే చచ్చాను."

"ఒక్క ముక్క చెప్పకపోయావా?"

"చెప్తే ఒదిలేవాడివా?"

ఇల్మోకి వణుకు ఆగడం లేదు. ముందు మంట కావాలి. పేర్చిన పొయ్యి వైపు ఇల్మో వంగాడు.

"ఆగు! దాన్ని ముట్టుకోకు!"

ఇద్దరూ బిగుసుకుపోయారు. తడిసి వచ్చినవాణ్ణి పొయ్యి ముట్టించొద్దన్న మనిషి ఆ అడవి పుట్టిన దగ్గర్నుంచీ లేడు. అన్నాక సైమికే సిగ్గేసింది. ఇంక వెతకాల్సిన పనేముంది? ఫిల్ము అక్కడే ఉంది, బెరడు చుట్టలో.

ఇల్మో అగ్గిపెట్టె అందుకున్నాడు. బయటికి తలలు పెట్టిన మూడు పుల్లలు, పెట్టెలో మిగిలినవే అవి. వేళ్ళు ముడుచుకోలేదు. పెట్టె జారి నేలమీద పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది. నది మీద ఈల వినిపించింది.

"వచ్చేశాడు," అంది సైమి. "నీకు దండం పెడతాను, వెనక తలుపు గుండా వెళ్ళిపో. నేను ఏదో చెప్పుకుంటాను."

"అందులో ఏముందో తెలుసా?"

"తెలీదు. తెలుసుకోను. అలాగే బతికాను."

"పదకొండు పేర్లున్నాయి, సైమీ. పదకొండోది నాది."

ఆమె అతన్ని చూసింది. నీళ్ళు కారుతున్న జుట్టు, నీలం పెదాలు, నెరిసిన కణతలు. ఎవరిని బతికించడానికి చచ్చిందో వాడి చావునే మూడు గుడిసెలు దాటించి మోసుకొచ్చింది.

పిస్తోలు పక్కన పెట్టి పొయ్యి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. మొదటి పుల్ల తలుపు సందులోని గాలికి ఆరింది. రెండోది ఆమె చేతి వణుకుకి విరిగింది. ఈల మళ్ళీ, ఈసారి ఒడ్డునే. మూడోది వెలిగింది. బెరడు చిటపటమంది, పదకొండుమంది బతికారు.

"చేతులు మరీ దగ్గర పెట్టకు. పగుళ్ళొస్తాయి," అంది లేస్తూ.

"ఎక్కడికి?"

"నేను వెళ్ళకపోతే వాడు లోపలికొస్తాడు. ఆ వేళ్ళతో పిస్తోలు పట్టగలవా?" ఖాళీ అగ్గిపెట్టె జేబులో వేసుకుంది. "గస్తీ వస్తోందా?"

"పన్నెండు నిమిషాలు."

"అబ్బా, నీకెప్పుడూ ఆలస్యమేగదయ్యా," అని నవ్వింది. పెళ్ళినాటి నవ్వే. గడప దాటింది. లేచి పరిగెత్తబోతే ఇల్మో కాళ్ళు మాట వినలేదు.

కిటికీలోంచి చూశాడు. ఆమె ఎక్కిన పడవ నది మధ్యకి చేరింది. ఫిల్ము అందులో ఉన్నట్టు ఆమె అగ్గిపెట్టె ఇచ్చింది. వాడు తెరిచాడు. ఒక్క తుపాకి శబ్దం. పడవ ఒరిగింది, ఎర్ర స్కార్ఫు నీళ్ళమీద కాసేపు కనిపించి పోయింది. ఏడేళ్ళ క్రితం ఆడిన అబద్ధం ఇప్పుడు నిజమైంది.

గస్తీ నాలుగూ పన్నెండుకి వచ్చింది. పొద్దునే మూత నొక్కి ఉంటే ఆమె జైల్లోనైనా ఉండేది, నెలకోసారి వెళ్ళి చూసుకునేవాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

బయలుదేరే ముందు ఇల్మో కట్టెలు చీల్చాడు, పొయ్యి పేర్చాడు, కొత్త పెట్టె లోంచి మూడు పుల్లలు లాగి ఉంచాడు. వచ్చిపోయేవాళ్ళు వివరాలు రాసే గుడిసె పుస్తకంలో ఆమె చేతిరాత ఉంది. 'పేరు' దగ్గర ఏదో జర్మన్ పేరు. 'ఎక్కడికి' దగ్గర ఏమీ రాయలేదు. తన పెన్ను తీశాడు. అది మనిషిని పడుకోబెడుతుంది కాని రాయదు. గుడిసె పెన్సిలుతోనే ఆ ఖాళీలో 'ఇంటికి' అని రాశాడు.

వారం తర్వాత కల్నల్ రిపోర్టు తిరగేశాడు.

"భేష్ కార్పినెన్. పదకొండుమందీ క్షేమం. గోరింక ఎవరో తేలిందా?"

"తేలలేదు సార్."

"పోనీలే. మనవైపు నష్టం?"

ఇల్మో కుర్చీలోంచి లేచాడు.

"మూడు అగ్గిపుల్లలు సార్."