మల్లెమొగ్గ గుర్తు

"అయ్యో దేవుడా… ఆ పెట్టె ఇవాళే రావాలా!"

వార్తిని చేతిలోని ఉప్పుకాగితం జారి కిందపడింది. వీధి గుమ్మంలో బండి ఆగింది. దుకాణం కుర్రవాళ్ళిద్దరు పెద్ద అట్టపెట్టెను దించి, అరుగు మీద కూర్చున్న మగవాళ్ళ మధ్యకు మోసుకొస్తున్నారు. శుక్రవారం! నమాజు అయిపోయి, ఆ వీధి నగిషీ పనివాళ్ళంతా మామగారి పనిశాల అరుగు మీద చేరే రోజు! ఆ వారం ఎవరు ఏ పనిముట్టు కొన్నారో అందరి ముందూ పెట్టి, ఆ ఇంటి చెక్క మీదే నడిపి చూపించే రోజు! రేపు సాయంత్రం వస్తుందని చెప్పారే… ఈలోగా భర్త కాళ్ళ మీద పడి నిజం చెప్పేసుకుందామనుకుందే… ఇప్పుడెలా?

"వచ్చేసింది!" ఆమె భర్త కస్మూరి చిన్నపిల్లాడిలా లేచాడు. "ఒరే రొహ్మాదీ, పోయిన వారం నీ చార్జింగు డ్రిల్లు చూపించి తెగ మురిసిపోయావుగా. ఇవాళ చూడు, చెక్క అంచులు తీర్చే నా రౌటరు మిషన్! టేకు అంచు మీద పెడితే వెన్న కోసినట్టు పోతుంది!"

"ముందు విప్పరా నాయనా, మాటలకేం పన్ను కట్టాలా!" అన్నాడు రొహ్మాది. అంతా నవ్వారు.

లోపల తలుపు చాటున నిలబడ్డ వార్తిని మాత్రం నవ్వలేదు. ఆ పెట్టెలో రౌటరు లేదు! అది తనకూ, దుకాణం యజమానికీ తప్ప ఎవరికీ తెలియదు…

పెళ్ళయి వచ్చిన ఆరేళ్ళుగా ఆమె పని ఒక్కటే. మగవాళ్ళు ఉలితో చెక్కిన ఆకులూ పువ్వులూ తీగలూ ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేయడం. ఆ కూలిలోంచి బియ్యపు డబ్బాలో దాచుకున్నదంతా భర్త రౌటరు కోసం మనస్ఫూర్తిగానే ఇచ్చింది. దుకాణంలో తనే చెప్పి వచ్చింది కూడా. కానీ మూడేళ్ళ కూతురు నస్తీతి దగ్గు తగ్గలేదు. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ బిడ్డ వీపు మీద గొట్టం పెట్టి విని, "చెక్కపొట్టు పీలుస్తోందమ్మా, ఈ గాలి దీనికి పడదు" అంది. ఆ మాట విన్న అత్తగారు సుమియెం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కొండ మీద మీ అమ్మ దగ్గర దింపేసి రా. బడికెళ్ళే వయసొచ్చాక తెచ్చుకుందాం. ఈ వీధిలో అందరూ చేసేదే!" అనేసింది.

అందరూ చేసేదే! తన బిడ్డను తను చూడకుండా మూడేళ్ళు, నాలుగేళ్ళు… రాత్రి ఉలిక్కిపడి లేస్తే ఎవరిని తడుముకుంటుంది? కిటికీ గట్టు మీద పేరుకున్న పొట్టులో వేలితో చేపలు, పిల్లులు గీసుకుంటూ "అమ్మా, చూడు!" అని పిలిచే ఆ గొంతు ఇంట్లో లేకపోతే తను బతకగలదా? మర్నాడే దుకాణానికి పరుగెత్తింది. రౌటరు వద్దని, పొట్టు పీల్చే మిషన్ పంపమంది. చదివింది ఆరో తరగతే. దుకాణంలో ముందే ఇచ్చిన మిషన్ పుస్తకంలో అక్షరాలు సరిగా అర్థం కాక, బొమ్మలన్నీ వేలు పెట్టి వారం రోజులు చూసుకుంది.

అరుగు మీద అట్ట చిరిగిన చప్పుడు వినిపించింది.

"ఇదేంట్రా!" రొహ్మాది గొంతు. "డ్రమ్ము, దానికో తొండం! రౌటరా, ఏనుగు పిల్లా?"

"ఇల్లు ఊడ్చుకోవడానికి కొన్నాడులే!" అన్నాడు పక్కింటి న్గత్నో. "ఇహ వార్తినికి చీపురు పని తప్పింది!"

అరుగంతా నవ్వులతో ఊగిపోయింది. కస్మూరి ముఖం కందిపోయింది. దుకాణం కాగితం చూసుకున్నాడు. కింద వంకర టింకరగా ఉన్న సంతకం తన భార్యదే!

"వార్తినీ!"

ఆమె తలవంచుకుని బయటకు వచ్చింది. "నేనే మార్పించానండీ… మీకు చెప్పకుండా చేశాను, తప్పే. మీరేమన్నా పడతాను. కానీ బిడ్డను పంపలేనండీ… నావల్ల కాదు!"

అతను ఏమనబోయాడో గానీ, అంతలో మామగారు కర్సోనో లవంగాల చుట్ట పక్కన పెట్టారు. "అరుగు మీద పెట్టిన పనిముట్టు పనిచేయకుండా లోపలికి పోకూడదు. అదీ మన పద్ధతి. నడిపి చూపించు" అన్నారు తాపీగా.

అవమానం దిగమింగుకుని కస్మూరి గొట్టం తీసుకుని గబగబా మిషన్ పైనున్న రంధ్రానికి బిగించాడు. నగిషీ సందుల్లో ఇరుక్కున్న పొట్టును ఊది పారేయడమే ఆ వీధిలో ఎవరికైనా పుట్టినప్పటి నుంచీ అలవాటు. గాలి అంటే ఊదేదే! వార్తిని "అది కాదండీ…" అనేలోపే మీట నొక్కేశాడు.

భుస్సుమంది! ఉదయం నుంచి రుద్దిన టేకు పొట్టంతా ఒక్కసారి లేచి రొహ్మాది ముఖాన పడింది. న్గత్నో మీసం పచ్చబడింది. శుక్రవారం ఆనవాయితీగా అత్తగారు పంచిన ఎరుపూ తెలుపూ బియ్యపు జావ గిన్నెలన్నీ ఒకే రంగయ్యాయి!

"ఆపరా బాబూ ఆపు!" అని అంతా గోల. "నా జావలో చక్కెర తక్కువైందనుకున్నా, ఇప్పుడు సరిపోయింది!" అని రొహ్మాది తుమ్మాడు. ఆ గోలకు నిద్రలేచిన నస్తీతి గుమ్మంలోకి వచ్చి దగ్గడం మొదలుపెట్టింది. ఒక్క దగ్గు… రెండు… ఇక ఆగలేదు. చిన్న వీపు విల్లులా వంగిపోతోంది. నవ్వులన్నీ ఆగిపోయాయి.

వార్తిని కన్నీళ్ళు తుడుచుకుంది. బిడ్డను అత్తగారికి అందించి, మిషన్ దగ్గర కూర్చుంది. మీట కట్టేసి, గొట్టాన్ని పై రంధ్రం నుంచి తీసి కిందిదానికి బిగించింది. పుస్తకంలో నాలుగో బొమ్మ! పాత సైకిలు ట్యూబు ముక్కతో గొట్టం కొసను నగిషీ చెక్కిన పలక అంచుకు కట్టింది. లోపలికెళ్ళి, ఉతికి మడిచి పెట్టిన నస్తీతి పక్కగుడ్డ తెచ్చింది. ఉదయం ఉతికి ఆరేస్తే సాయంత్రానికి గోధుమరంగుకు తిరిగే తెల్లగుడ్డ అది. దాన్ని పలక కింద పరిచి, ఉప్పుకాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు చూడండి" అంది. ఆ గొంతు తనదేనా అని తనకే ఆశ్చర్యం వేసింది!

మీట నొక్కి రుద్దింది. ఆకు ఈనె చెదరకుండా, పువ్వు అంచు మొద్దుబారకుండా, ఆరేళ్ళుగా తన వేళ్ళకు తెలిసిన పని. పొట్టు లేవడమే తడవు తొండంలోకి పోతోంది. మామగారు చెక్కిన నెమలి మెడ పూర్తిగా మెరిసే దాకా ఆపలేదు. తర్వాత మీట కట్టేసి, పలక ఎత్తి, గుడ్డను రెండు చేతులతో పట్టుకుని అందరి ముందూ విప్పి చూపించింది.

తెల్లగా ఉంది! ఏదో ఒకటి రెండు రేణువులు… అంతే!

రొహ్మాది దగ్గరకొచ్చి గుడ్డను తడిమి చూశాడు. "మా రెండోవాడు కూడా ఇలాగే దగ్గుతున్నాడు, చెల్లెమ్మా" అన్నాడు మెల్లగా.

అప్పుడు ఎవరూ అనుకోని గొంతు వినిపించింది. అత్తగారిది. దగ్గు సర్దుకున్న మనవరాలిని భుజాన వేసుకుని, ఆ పెద్దావిడ గుడ్డనే చూస్తూ నిలబడిపోయింది.

"ముప్పై ఏళ్ళు రుద్దానమ్మా నేను… ఈ కస్మూరిని మూడేళ్ళప్పుడు కొండ మీద దింపి వచ్చాను. ఏడేళ్ళప్పుడు తెచ్చుకుంటే, వీడు నన్ను చూసి మా అమ్మ చీర చాటుకు పోయి, 'ఈ పిన్ని ఎవరు?' అన్నాడు. నాలుగేళ్ళకి వాడి నోట నాకొచ్చిన పిలుపు అది! అందరూ పడేదే అని మింగేశాను. నిన్ను కూడా మింగమన్నాను…"

"అమ్మా!" కస్మూరి ఆవిడ దగ్గరకు నడిచాడు. "నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఏం చెప్పనురా? అప్పుడు పొట్టు పీల్చే మిషన్లు లేవు. ఇలా ఎదురు తిరిగే కోడలూ లేదు!" అంటూ ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "నా కోడలికున్న ధైర్యంలో సగం నాకుండి ఉంటేనా…"

వార్తిని అత్తగారి రెండో భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళూ రాయి అనుకున్న గుండెలో ఇంత గాయమా!

కర్సోనో గొంతు సవరించుకున్నారు. "గుర్తు వేయలేదింకా" అన్నారు. పదిమంది కలిసి వాడుకునే పనిశాలలో ఏ పనిముట్టు ఎవరిదో తెలియడానికి పిడి మీద చిన్న గుర్తు చెక్కుతారు. ఆయనది చేప పొలుసు. కస్మూరిది ముడుచుకున్న ఫెర్న్ చిగురు. అరుగు గోడ నిండా వేలాడే ఉలుల మీద ఎక్కడా ఆడదాని గుర్తు లేదు. "దీని మీద నీ చిగురే చెక్కనా?" అని కొడుకును అడిగారు.

కస్మూరి భార్య వైపు చూశాడు. కందిన ముఖం ఇప్పుడు వేరేలా వెలుగుతోంది. "నాది కాదు నాన్నా. ఇది మా ఆవిడ కొన్న మిషన్. ఒరే, విన్నారా అందరూ? రౌటరు వచ్చే ఏడు కొనుక్కుంటా. ఇలాంటిది కొనే తెలివి మీలో ఒక్కడికైనా వచ్చిందా?"

"వచ్చింది, ఇప్పుడే. జావ తాగాక!" అన్నాడు రొహ్మాది.

మిషన్ కింద పెట్టే టేకు పీట మీద మామగారు సన్న ఉలితో చెక్కడం మొదలుపెట్టారు. వార్తిని జడలో రోజూ పెట్టుకునే మల్లె… విప్పారని మొగ్గ. దాని పక్కన, అడగకుండానే, ఇంకో మొగ్గ చెక్కి భార్య వైపు చూశారు. "ఆలస్యమైంది సుమియెం" అన్నారు. ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నెల గడిచింది. ఇప్పుడు శుక్రవారాల్లో ఆ అరుగు మీద ఆడవాళ్ళూ కూర్చుంటున్నారు, బిడ్డలతో సహా. "మల్లెమొగ్గ మిషన్ ఇవాళ మాకు పంపమ్మా" అని ఎవరైనా అడిగినప్పుడల్లా వార్తిని మనసు నిండిపోతుంది.

ఒక ఉదయం నస్తీతి కిటికీ దగ్గర నిలబడి మూతి ముడిచి ఏడుపు మొహం పెట్టింది. వార్తిని చేతిలోది పారేసి పరుగెత్తింది. మళ్ళీ దగ్గా? మళ్ళీ మొదలైందా, దేవుడా!

"ఏమైంది తల్లీ?"

పిల్ల తన చూపుడువేలు ఎత్తి చూపించింది. శుభ్రంగా ఉంది.

"అమ్మా… గట్టు మీద ఏమీ లేదు. నేను చేపను ఎక్కడ గీయాలి?"

వార్తిని ఆ వేలును ముద్దు పెట్టుకుంది. చెక్కపెట్టె మూలనున్న సుద్దముక్క తీసి కూతురి చేతిలో పెట్టి, పనిశాల తలుపు మొత్తం ఆమెకు వదిలేసింది.