అన్ని కాలాల టైర్లు

ఆ శనివారం పొద్దున స్తామెన్ కాఫీ సగం తాగి వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయాడు. నేలమాళిగలోంచి మంచు టైర్ల చక్రాలు నాలుగూ దొర్లించుకొచ్చి గోడకు ఆనించాడు. తడిగుడ్డతో తుడిచాడు. గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లను ఓపిగ్గా ఒక్కొక్కటే పీకాడు. జాకీ, పానా, మోకాళ్ల కిందికి పాత గోనెపట్టా అన్నీ వరసగా పేర్చి, పెళ్లివారి కోసం ఎదురుచూసేవాడిలా వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు.

బల్గేరియాలోని రోదోపి కొండదారుల్లో ఉద్యోగకాలమంతా బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక చేతులు ఊరుకోక పక్కింటివాళ్ల కంచెలు కూడా బాగుచేసిపెడుతున్నాడు, వాళ్లు అడిగినా అడక్కపోయినా. అలాంటివాడికి ఏడాదిలో అసలైన పండగలు రెండే. చలికాలం ముందు కూతురి కారుకు మంచు టైర్లు వేసే రోజు ఒకటి, వసంతంలో వాటిని విప్పి వేసవి టైర్లు బిగించే రోజు ఒకటి.

"చెవులు ఎర్రబడ్డాయి, టోపీ పెట్టుకోవయ్యా. వాళ్లొచ్చేది భోజనాల వేళకి," అని వంటింటి కిటికీలోంచి భార్య వేలికా కేకేసింది. ఆవిడ తురిమిన బంగాళాదుంపలో పుదీనా, వెన్నలాంటి తెల్ల జున్ను కలిపి పతాత్నిక్ కాలుస్తోంది. అల్లుడికి అదంటే ప్రాణం. అడుగు మాడిన ముక్క కోసం కూతురితో పోట్లాడతాడు కూడా.

కూతురు రలిత్సా మందుల కంపెనీలో పనిచేస్తుంది. ప్లోవ్‌దివ్ చుట్టుపక్కల ఊళ్లన్నీ కారులోనే తిరగాలి. అందుకే పెట్రోలు తక్కువ తాగుతుందని హైబ్రిడ్ కారు కొనుక్కుంది. అల్లుడు దువార్తె పోర్చుగల్ వాడు, పిల్లలకు లెక్కలు చెబుతాడు. పెళ్లయి ఏడాదిన్నర అయింది. బల్గేరియన్ భాష పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాడు కాబట్టి ఉప్పు అందించమన్నా రేడియోలో వార్తలు చదువుతున్నట్టే ఉంటుంది.

కారు చప్పుడు లేకుండా గేటు దాటి వచ్చి ఆగింది. స్తామెన్ నవ్వుతూ పానా చేతిలోకి తీసుకుని వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. టైర్లు కొత్తవి. రబ్బరు నూగు కూడా ఇంకా అరగలేదు. పక్కన కొండ బొమ్మ, అందులో మంచుపువ్వు, మంచుకు పనికొస్తాయని గుర్తు.

"ఇవేమిటి?" అన్నాడు.

"అన్ని కాలాలకూ పనికొచ్చే టైర్లు నాన్నా. వేసవివి ఎలాగూ అరిగిపోయాయి కదా," అంది రలిత్సా కారు దిగుతూ. దువార్తె నెల రోజులు కూర్చుని ఎంచాడని మురిసిపోతూ చెప్పుకొచ్చింది. పెట్రోలు ఆదా చేసేవి కొన్ని తడిరోడ్డు మీద జారతాయట, మంచులో పట్టున్నవి కొన్ని మోత పెడతాయట. ఈ కారు బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఏ చప్పుడూ ఉండదు కాబట్టి ఆ మోతే చెవుల్లో మోగుతుందట. వెతగ్గా వెతగ్గా అన్నిటికీ సరిపడేవి ఇవి దొరికాయట.

స్తామెన్ పానా పక్కన పెట్టి, తుడిచిపెట్టిన చక్రాన్ని మళ్లీ నేలమాళిగ వైపు దొర్లించడం మొదలుపెట్టాడు. దువార్తె సాయం పట్టబోతే, "అక్కర్లేదు అల్లుడుగారూ, మీ బట్టలు మాసిపోతాయి," అన్నాడు. ఆ "గారు" ఎంత చల్లగా ఉందో భాష సరిగ్గా రానివాడికి కూడా తెలిసింది.

భోజనాల బల్ల దగ్గర మొదటి గ్లాసు రకియా సారా దిగాక గాని ఆయన నోరు పెగల్లేదు. పెగిలాక మాత్రం ఆగలేదు. కనుమ మీద మంచు పడ్డప్పుడు ఈ మధ్యరకం టైర్లు ఏం పట్టుకుంటాయో చూస్తానన్నాడు. ఆ మంచు టైర్లు ఇంకో రెండు చలికాలాలు హాయిగా లాగేవన్నాడు. చదువుకున్నవాళ్లకు బస్సు డ్రైవరు మాట చెవికెక్కుతుందా అని కూడా అన్నాడు.

రలిత్సా చెంచా కింద పెట్టేసింది. "నిన్ను అడక్కుండా కొన్నామా? దువార్తె అడిగాడు. నువ్వు సరేనన్నావు."

"నేనా? చచ్చినా అనను."

"మామయ్యగారూ, నేను మిమ్మల్ని అడిగిన పిమ్మటే కొన్నాను," అన్నాడు దువార్తె. పాపం, వాడి మొహం తెల్లబోయింది. "సెప్టెంబరులో, మా ఇంట్లో. రలిత్సా వంటింట్లో ఉన్నది. మీ నోటి నిండా మిరపకాయల వేపుడు. అన్ని కాలాల టైర్లు వేయించవచ్చునా అని అడిగితిని. మీరు తల ఊపారు."

"ఊపాను. వద్దని ఊపాను."

"ఎలా ఊపావు నాన్నా? ఊపి చూపించు," అంది రలిత్సా అనుమానంగా.

స్తామెన్ తల అడ్డంగా తిప్పాడు. అటొకసారి, ఇటొకసారి.

వేలికా చేతిలో గరిటె ఆగిపోయింది. "అది సరేననడం కదయ్యా. పుట్టిన దగ్గర్నుంచీ మన దేశంలో అడ్డంగా తిప్పితే ఔనని, నిలువుగా ఊపితే కాదని. ఆమాత్రం మర్చిపోయావా?"

"మర్చిపోతానా? అతను పోర్చుగల్ వాడు. వాళ్లకూ మనకూ తలకిందులు. నిలువుగా ఊపితే ఔననుకుంటాడని, అతనికి తెలిసేలా వాళ్ల పద్ధతిలో తిప్పాను."

దువార్తె రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "నేను ఏడాది నుంచి అద్దం ముందు మీ పద్ధతి సాధన చేస్తున్నాను మామయ్యగారూ. మీరు తల అడ్డంగా తిప్పగానే సరేనన్నారని సంతోషించాను. ఈసారి తప్పు చేయలేదని కూడా అనుకున్నాను."

వేలికా పడీపడీ నవ్వింది. గరిటె పడేసి, కొంగు లేని మనిషి కాబట్టి ఏప్రన్‌తోనే కళ్లు ఒత్తుకుంది. రలిత్సా బల్ల మీద తల వాల్చేసింది. స్తామెన్ నవ్వకూడదని గట్టిగా పెదాలు బిగించుకున్నాడు గాని పొట్ట కదులుతూనే ఉంది. తన తల కోసం అల్లుడూ, అల్లుడి తల కోసం తానూ పడిన పాట్లు తలుచుకుంటే ఇంకెక్కడి కోపం?

నవ్వులు సర్దుకున్నాక ఆయన గ్లాసు అంచు వేలితో రాస్తూ కూర్చున్నాడు. "టైర్లు మంచివేలే. ఇందాకే వేలితో నొక్కి చూశాను, రబ్బరు మెత్తగా ఉంది, మంచులో పట్టుకుంటుంది. నా బాధ అది కాదు. పండగకి వస్తారో రారో, సెలవు దొరుకుతుందో లేదో ఎప్పుడూ అనుమానమే. టైర్ల రోజుకి మాత్రం రాక తప్పదు కదా అని ధైర్యంగా ఉండేవాణ్ణి. ఇక ఆ పనీ లేకుండా పోయింది."

రలిత్సా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ నాన్నకు శ్రమ తప్పించాలనే చూసిందామె. ఆ శ్రమ కోసమే ఆయన బతుకుతున్నాడని ఒక్కసారీ తోచలేదు.

"పని ఉన్నది," అన్నాడు దువార్తె. ముందు చక్రాల మీద బరువెక్కువ కాబట్టి అవి తొందరగా అరుగుతాయనీ, సమానంగా అరగాలంటే పదివేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాలనీ వివరించాడు. "దుకాణంవారు ఊరికే మారుస్తామన్నారు. వద్దన్నాను. మా ఇంట్లో మనిషి ఉన్నారు, వారే చేస్తారని చెప్పితిని."

స్తామెన్ తలెత్తి చూశాడు. "ఇంట్లో మనిషి" అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయాడు. తర్వాత కూతురివైపు తిరిగాడు. "ఏడాదికి ఎంత తిరుగుతావమ్మా నువ్వు?"

"ముప్పై వేలు దాటుతుంది."

"అంటే మూడుసార్లు." ఆయన వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. లెక్కల మాస్టారు పక్కనే ఉన్నా సరే. "ఇదివరకు రెండుసార్లేగా."

వేలికా మాడిన అడుగు ముక్క తీసి, ఎవరూ పోట్లాడుకోకముందే అల్లుడి పళ్లెంలో వేసింది. స్తామెన్ కళ్లు తుడుచుకుని, ఆ పళ్లెంకేసి చూస్తూ ఏదో ముఖ్యమైన విషయం గుర్తొచ్చినట్టు అన్నాడు:

"ఒరేయ్ దువార్తె, ఈసారి వచ్చేటప్పుడు పాత ప్యాంటొకటి తెచ్చుకోరా. పని నేర్పిస్తాను. వెళ్లేటప్పుడు దాన్ని తీసుకుపోవద్దు, ఇక్కడే ఉంచెయ్."