జున్నుకు చిక్కిన వెంట్రుక

2087 నాటికి విశాఖపట్నంలో పిల్లుల బొచ్చు ఊడే కాలం వస్తే ఎవరూ దాన్ని ఊడ్చి పారేయడం లేదు. రోమవాణితో దువ్వి, తమ పిల్లి చలికాలమంతా ఎలా గడిపిందో తెలుసుకుంటున్నారు. చూడటానికి అది మామూలు దువ్వెనే. పళ్ల మధ్య సన్నని సెన్సర్లు ఉంటాయి. వెంట్రుక పెరిగే రోజుల్లో రక్తంలో ఉన్న హార్మోన్లు కొన్ని అందులో చిక్కుకుపోతాయి. కుదురు నుంచి కొస దాకా చదివితే నొప్పి, భయం, నెమ్మది ఏ వారం ఎంత ఉన్నాయో తెలిసిపోతుంది; దువ్వెనే మాటల్లో చెప్తుంది. నోరులేని జీవాల బాధ వినాలని డాక్టర్ నీరద పన్నెండేళ్లు కష్టపడి దాన్ని తయారు చేసింది.

ఆమె ఇంట్లో పిల్లి జున్నును మాత్రం ఏప్రిల్ వచ్చినా ఎవరూ దువ్వలేదు. రోజూ దువ్వే ఇందుజ ఇప్పుడు లేదు. నీరదకు ఒక్కగానొక్క కూతురు, ఇరవై రెండేళ్ల పిల్ల, ఎముక కేన్సర్‌తో ఫిబ్రవరిలో పోయింది. ఆస్పత్రిలో చేర్చాక పదహారు రోజులే బతికింది. "ఆరు నెలల ముందు తీసుకొచ్చుంటే నయం చేసేవాళ్లమండీ," అన్నారు అక్కడి డాక్టరు.

ఆదివారం పొద్దున నీరద జున్నును ఒళ్లో పెట్టుకుని బాల్కనీలో కూర్చుంది. పిల్లి పొట్ట కింద బొచ్చు ఉండలు కట్టేసింది. దువ్వెన తగిలితే చాలు, గుర్రుమంటోంది. నీరద ఓపిగ్గా ఒక్కో ఉండా విప్పుతూ, విడిపోని చోట కత్తెరతో తీసేస్తూ వచ్చింది.

"జున్ను జనవరి దాకా నెమ్మదిగా ఉంది," అంది రోమవాణి. "ఆ తర్వాత దిగులు పెరిగింది. ఇంకా తగ్గలేదు."

నీరద పిల్లి వీపు నిమిరింది.

"ఈ ఉండలో మనిషి వెంట్రుక ఒకటి ఉంది. నల్లది. నలభై సెంటీమీటర్ల పొడవు. చదవమంటారా?"

నీరదది నెరిసిన పొట్టి జుట్టు. భర్త కృపాకర్‌ది బట్టతల. జున్ను పొట్టకి చెంప ఆనించి పడుకునే అలవాటు ఇంట్లో ఒక్కరికే ఉండేది. నీరద కత్తెర పక్కన పెట్టింది.

"చదువు," అంది.

"కుదురు నుంచి పది సెంటీమీటర్ల దాకా తీవ్రమైన నొప్పి కనిపిస్తోంది. అంటే జనవరిలో ఊడే దాకా పది నెలలు."

"తప్పయి ఉంటుంది. మళ్లీ చూడు."

"మళ్లీ చూశాను. అదే ఫలితం. నొప్పి పోయిన ఏడాది మార్చిలో మొదలైంది."

ఉతికిన బట్టలు ఆరేయడానికి వచ్చిన కృపాకర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అతను ఓడల్లో ఇంజినీరు. పోయిన ఏడాదంతా సముద్రం మీదే ఉండి, ఇందుజను ఆస్పత్రిలో చేర్చాక వచ్చాడు.

"పది నెలలండీ," అంది నీరద. "పది నెలలు నొప్పి ఓర్చుకుంది. ఇదే ఇంట్లో ఉన్నాను, నాకొక్క ముక్క చెప్పలేదు. ఎందుకు చెప్పలేదండీ?"

కృపాకర్ బకెట్ కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది," అన్నాడు.

"ఏంటి?"

"ఆస్పత్రిలో నేనూ ఇదే అడిగాను. అమ్మకెందుకు చెప్పలేదమ్మా అని. చెప్పాను నాన్నా అంది."

నీరద దువ్వెన పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"నొప్పి మొదలైన మార్చిలోనే రెండుసార్లు చెప్పిందట. మోకాలు బాగా లాగుతోందమ్మా, రాత్రి నిద్ర పట్టలేదు అందట. నువ్వు జున్నును రోమవాణితో దువ్వుతూ రీడింగులు చూసుకుంటున్నావు. ఒక్క నిమిషం ఆగమ్మా, ఇదేదో చెప్తోంది అన్నావట. కాసేపు నిలబడి వెళ్లిపోయిందట. రెండోసారీ అంతే. అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు, చెప్పకు నాన్నా అంది."

జున్ను ఆమె ఒళ్లోంచి దిగి కృపాకర్ కాళ్ల దగ్గరికి వెళ్లింది. నీరద కళ్లు మూసుకుని, కూతురు వచ్చి పక్కన నిలబడిన ఆ రోజును వెతికింది. ఏ చీర కట్టుకుందో, ఏ గొంతుతో ఆ మాట అందో, ఏదీ తట్టలేదు. ఎంత వెతికినా ఆ రెండు రోజుల్లో ఇందుజ ఎక్కడా లేదు.

ఆ మార్చిలో జున్ను రీడింగులు మాత్రం తేదీలతో సహా గుర్తున్నాయి.