కృతిభర్త

అసుర సంధ్య... గోదావరి మీద ఉరుములు దొర్లుతున్నాయి. రాజమండ్రి శివారులోని ఆ పెంకుటింటి చూరు మీద గుడ్లగూబ కర్ణకఠోరంగా కూస్తోంది!

లోపల జానకిరామ్ మాస్టారు కాగితం చీటీలకు మైదాపిండి జిగురు పూస్తున్నారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా పోసి, సొంతంగా అచ్చు వేయించుకున్న నవల... ఐదువందల కాపీలు గోడవారగా పేర్చి ఉన్నాయి. నవల పేరు 'సారిక'. కన్నకూతురి పేరే పెట్టుకున్నారు.

పబ్లిషర్లు కాదన్న పుస్తకాన్ని ఎవరు కొంటారని ఆయన కుమిలిపోతుంటే, గోదావరి మధ్య లంకలో ఉండే క్షుద్రోపాసకుడు సత్తియ్య మాటిచ్చాడు. "నాకు అంకితం ఇవ్వండి మాస్టారూ. నెల తిరక్కుండా ఒక్క కాపీ మిగలదండి."

కీర్తి కండూతి ఎంతకైనా తెగిస్తుంది. ఇచ్చేశారు. కృతి కన్య అనీ, అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త అనీ ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన పెద్దమనిషికే ఆ మాట గుర్తు రాలేదు! పుస్తకాలు ఇంటికొచ్చిన రోజే సారికను ఏదో ఆవహించింది. జుట్టు విరబోసుకుని, "నా మొగుడొస్తున్నాడు" అని మగగొంతుతో అరుస్తోంది.

అందుకే ఈ తప్పొప్పుల చీటీలు. 'మూడో పేజీలో సత్తియ్యకు అన్నచోట కోరుకొండ లక్ష్మీనరసింహస్వామికి అని చదువుకోగలరు.' అన్నిటికీ అంటించారు. ఒక్క కాపీ మిగిలింది...

తలుపు భళ్ళున తెరుచుకుంది. చేతిలో కపాలంతో సత్తియ్య!

"పిల్లని పంపించండి, మావయ్యగారూ."

కపాల నేత్రాల్లో నిప్పులు రగిలాయి. మూలనున్న సారిక గాలిలోకి లేచింది. మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా ఆఖరి చీటీ అదిమిపెట్టారు.

సింహగర్జన...! గడప దద్దరిల్లింది. అదృశ్య నఖాలు సత్తియ్య వక్షాన్ని నిలువునా చీల్చాయి. కపాలం పగిలి పిండైంది. ఆర్తనాదం ఆగేసరికి గుప్పెడు బూడిద మిగిలింది.

సారిక నెమ్మదిగా నేలకు దిగింది. మొహం తేటపడింది, గొంతు తనదే. మాస్టారు భోరున ఏడుస్తూ పిల్లని దగ్గరికి తీసుకోబోయారు.

ఆమె కోరుకొండ వైపు చూసి, సిగ్గుపడుతూ చున్నీ సర్దుకుంది.

"ఆయన పిలుస్తున్నారు నాన్నగారూ. వెళ్ళొస్తానండి."

అప్పుడు తెలిసొచ్చింది మాస్టారికి. అంకితం కొట్టేయలేదు తాను... పెళ్ళికొడుకుని మార్చారంతే! పిచ్చివాడిలా ఆ చీటీల్ని గోళ్ళతో పీకబోయారు. చీటీతోపాటు కాగితమూ చిరిగింది.

సారిక గడప మీద కాలు పెట్టి, అలాగే ఒరిగిపోయింది. మాస్టారు పరుగున వెళ్ళి పట్టుకునేసరికి ఒంట్లో ప్రాణం లేదు... పిలిచినవాడి దగ్గరికి అప్పటికే వెళ్ళిపోయింది.