వెనక బెంచీలో లేచిన చెయ్యి

ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఒక్క ప్రశ్నతో నేలపాలవుతుందని ఆ ఉదయం బోర్డు ముందు నిలబడ్డప్పుడు అతనికి తెలియదు. తెలిసి ఉంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు కాదు.

మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని చుక్కలబ్బాయి అంటారు. ఖాళీ కాగితం కనిపిస్తే చాలు, నాలుగు చుక్కలు పెట్టి మధ్యలో గీతలు గీస్తాడు. చుక్కకో అక్షరం. గీత కలిపిన రెండు అక్షరాలు చోట్లు మార్చుకున్నా మాట మారదు. గీత లేని చోట వరుస మారిందంటే మాటే వేరైపోతుంది. ఆ అక్షరాలతో పుట్టే అంతులేని మాటల గ్రూపే అతని లోకం.

"ఇంత పెద్దదాన్ని మొత్తంగా మనం చూడలేం," అన్నాడు సెమినార్‌లో. "అందుకే చిన్న చిన్న గ్రూపుల్లోకి దించి చూస్తాం, ఫోటోలు తీసినట్టు. ఒక మాట నిజంగా ఉన్నదే అయితే ఏదో ఒక ఫోటోలో పడుతుంది. ఏ ఫోటోలోనూ పడలేదంటే అది లేనట్టే. కాంజుగేట్లంటే ఒకే మాటను వేరే వేరే చోట్ల నిలబడి చూసినవి. రెండు మాటలు అలాంటివి కాకపోతే, ఆ తేడా కూడా ఏదో ఒక ఫోటోలో దొరికిపోతుంది. పెద్ద గ్రూపుకి ఈ గుణం ఉంది. కాబట్టి దాని లోపలి గ్రూపుకీ ఉంటుంది."

వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది. పీహెచ్‌డీ ముగించి కొత్తగా చేరిన పోస్ట్‌డాక్ అమ్మాయి.

"ఆ 'కాబట్టి' ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? బయట నిలబడి చూస్తే ఒకటే అనిపించినవి, లోపల్నుంచి చూస్తే ఒకటి కాకపోవచ్చు కదా?"

అతని రీసెర్చ్ గైడు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అంతే, రుజువు కూలిందని అందరికీ అర్థమైపోయింది. చుక్కలబ్బాయి బోర్డు మీది చివరి వాక్యం చెరిపేశాడు. ఆమె కళ్లు బాగున్నాయని అంత అవమానంలోనూ తోచింది. దాంతో ఒళ్లు ఇంకా మండింది.

కాఫీ మెషీన్ దగ్గర ఆమే ఎదురైంది.

"తృప్తిగా ఉందా?" అన్నాడు.

"లేదు. మీ థియరమ్ నిజమైతే బాగుండనే అనుకుంటూ విన్నాను."

"చెవిలో చెప్పొచ్చుగా!"

"తప్పు అప్పుడే కనపడింది. కనపడ్డాక నా చెయ్యి ఆగదండీ."

"మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారు?"

"భరించలేకే ఇంత దూరం పంపించారు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వబోయాడు. అప్పుడే ఫోన్ మోగింది. అవతల నాన్న. అమ్మా నాన్నా ఇద్దరూ టైలర్లు, ఒకే కొట్లో పక్కపక్క మిషన్లు.

"మీ అమ్మ కుడుతూ కుడుతూ ఒరిగిపోయిందిరా. లేపితే లేవట్లేదు."

అతను కప్పు అక్కడే వదిలేసి, "మా అమ్మ పడిపోయిందట," అన్నాడు. "పదండి, నేనూ వస్తాను," అందామె. ఇద్దరూ వానలో తడుస్తూనే టాక్సీ కోసం పరుగెత్తారు.

ఆ రోజు నుంచి ఆమె పని అవగానే రోజూ ఆస్పత్రికి వచ్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. లోపల అమ్మ ఛాతీ లేచి పడుతూ ఉండేది. అది అమ్మ ఊపిరి కాదు, మెషీన్‌ది. నాన్న దుప్పటి అంచు సవరిస్తూ పక్కనే ఉండేవాడు.

"మెదడులో నరం చిట్లింది. మెదడు పూర్తిగా పోయింది," అన్నాడు డాక్టర్ చివరికి. "అన్ని పరీక్షలూ చేశాం. దేనికీ స్పందన లేదు. మెషీన్ తీసెయ్యడానికి మీ మాట కావాలి."

నాన్న కొడుకు వైపు చూశాడు. "చదువుకున్నవాడివి, నువ్వు చెప్పరా. తీసేద్దామంటే తీసేద్దాం."

ఏ ఫోటోలోనూ పడలేదంటే లేనట్టే. ఆ మాట అన్నది తనే. కానీ మొన్న అంతే ధీమాగా ఒక 'కాబట్టి' అనేసి తప్పులో కాలేశాడు. ఇక్కడా అలాంటిదే ఉంటే? బతికున్న అమ్మని చేతులారా చంపుకున్నట్టే.

వరండాలోకి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. "ఒక సాయం చేస్తారా? ఆ డాక్టర్ మాటల్లో తప్పు పట్టండి. నా రుజువులో పట్టినట్టే."

ఆమె ముఖం పాలిపోయింది. "నాకు వైద్యం తెలీదండీ."

"తెలుసు. ఊరికే 'కాబట్టి' అనేసిన చోటు ఉందేమో చూడండి, చాలు."

ఆమె డాక్టర్ దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే అడిగింది. నిద్రమందు ఇచ్చారా? పరీక్ష నాటికి అది ఒంట్లోంచి పూర్తిగా పోయిందని ఎలా తెలుసు? ఒళ్లు చల్లబడి ఉందా? మెషీన్ కాసేపు ఆపితే సొంతంగా ఊపిరి తీసుకోబోయిందా? రెండోసారి చూసింది ఇంకో డాక్టరేనా? మొదట విసుక్కున్న డాక్టర్ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. మెదడుకి రక్తం వెళ్లడం లేదని చూపే స్కాన్ కూడా ముందు పెట్టాడు. ఆమె దాన్ని ఎంతసేపటికీ వదలలేదు.

బయటికొచ్చేసరికి ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"తప్పు దొరకలేదు," అంది. "దొరకాలని చాలా వెతికానండీ."

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. "ఎవర్రా ఈ అమ్మాయి?"

"నా లెక్క తప్పని అందరి ముందూ చెప్పినావిడ."

నాన్న ఆమెని కాసేపు చూశాడు. "మీ అమ్మా ఇంతేరా. నేను వేసిన ప్రతి కుట్టూ లాగి చూసేది. తెగిందంటే బట్ట నా మొహాన కొట్టేది." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వు లాగి చూశావు కదమ్మా. ఇంక చాలు."

మెషీన్ ఆపేటప్పుడు అమ్మ చెయ్యి నాన్న చేతిలో ఉంది. అతను అమ్మ పాదాలు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంటికి వచ్చాక నాన్న ఒక్క మాటే అన్నాడు: "ఆ పిల్లని వదులుకోకురా."

కొన్ని వారాలకి ఖాళీ సెమినార్ గదిలో అతను మళ్లీ బోర్డు ముందు నిలబడ్డాడు. లోపలి గ్రూపుకి ఆ గుణం ఉందని ఈసారి విడిగా రుజువు చేశాడు. ఆమె వెనక బెంచీలోనే కూర్చుని రుజువులో ప్రతి మెట్టూ చూసింది. చెయ్యి లేవలేదు.

అతను సుద్దముక్క కింద పెట్టాడు. "ఇంకొకటి ఉంది. దీనికి నా దగ్గర రుజువు లేదు."

"చెప్పండి."

"మీరంటే నాకు ప్రాణం. దీంట్లో తప్పుంటే చెయ్యెత్తండి."

ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న రోజు నుంచీ వెతుకుతూనే ఉన్నాను," అంది. "తప్పు దొరకలేదు."

ఆ రెండు మాటలు వినగానే అతనికి అమ్మ గుర్తొచ్చింది. సుద్ద అంటిన చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఆమె వెనక బెంచీలోంచి లేచి అతని దగ్గరికి వచ్చింది.