ఎత్తని షట్టరు

పాత బజారు కాలిపోయాక, దాన్ని కూల్చేసేదాకా, చీకటి పడితే అటు ఎవరూ వెళ్లేవారు కాదు. వెళ్లాల్సి వచ్చినా, షట్టరు చప్పుడైతే ఆగేవారు కాదు...

ఈ సంగతి నాకు టీ కొట్టు అత్త చెప్పింది. ఆవిడ అబద్ధాలు చెప్పదని కాదు. చెబితే నవ్వుతూ చెబుతుంది. ఇది చెప్పేటప్పుడు నవ్వలేదు.

పాత బజారంటే తాతల నాటి కొట్ల వరస. ఆ షట్టర్లు మహా బరువు, పైగా తుప్పు. సగంలో ఇరుక్కుంటే లోపలున్నవాడొక్కడే ఎత్తలేడు. అందుకని అక్కడో అలవాటుండేది. లోపల చిక్కినవాడు షట్టరు మీద మూడు దెబ్బలు కొడతాడు. విన్నవాడు బయటినుంచి ఒక్క దెబ్బ కొడతాడు, 'వచ్చా' అన్నట్టు. కొట్టి, ఎత్తుతాడు. ఇద్దరికీ మాటల్లేకపోయినా సరే, ఎత్తి తీరాలి.

ఆ వేసవిలో బజారు అంటుకుంది. రంగుల కొట్లో పుట్టిన మంట పైకప్పు దూలాలు పట్టుకుని పాకింది. రంగు డబ్బాలు ఢాం ఢామ్మని పేలాయి. బట్టల కొట్టతని చేతి చర్మం తొడుగులా ఊడొచ్చింది. ఆ గోలలో గడియారాల తాత కొట్లోంచి కూడా చప్పుడు వచ్చింది. ధన్... ధన్... ధన్.

అందరూ విన్నారు. అవీ డబ్బాలే అనుకున్నారు.

తెల్లారి షట్టరు ఎత్తితే తాత దాని వెనకాలే ఉన్నాడు. బొగ్గైపోయిన వేళ్లు కింద సందులో ఇరుక్కుని ఉన్నాయి.

అప్పట్నుంచీ ఆ షట్టరు రాత్రుళ్లు మోగేది — మూడేసి దెబ్బలు. కొట్లు మళ్లీ కట్టుకుందామని ఎగిరినవాళ్లు కూడా నోరు మూసుకున్నారు. చివరికి మునిసిపాలిటీవాళ్లు యంత్రం తెచ్చి బజారంతా నేలమట్టం చేస్తామని చాటింపు వేశారు.

అది రావడానికి ముందు రాత్రి, తాళాలు చేసే అన్నదమ్ములు వచ్చారు. వాళ్ల నాన్న దాగలి, అదే, ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ, కొట్లోనే ఉండిపోయింది. తమ్ముడు లోపలి గొళ్లెం తియ్యడానికి వెనక సందులోంచి దూరాడు. అన్న గునపం పట్టుకుని ముందు వీధిలో నిలబడ్డాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచినవాడు, వాణ్ణి ఒంటరిగా పంపినందుకు అప్పటికే గింజుకుంటున్నాడట. పక్కన టార్చి పట్టుకుని మన అత్త.

ఉన్నట్టుండి లోపల పెళపెళమని ఏదో విరిగి పడింది. బూడిద లేచింది.

"ఒరేయ్..." అన్నాడు అన్న.

పలుకు లేదు. వాడు తమ కొట్టు వైపు పరిగెత్తబోయాడు. అంతలో — ఇవతలున్న తాత కొట్టు షట్టరు మోగింది.

ధన్... ధన్... ధన్.

"పద నాయనా, పోదాం," అంది అత్త గుసగుసగా.

"మా వాడు లోపలున్నాడత్తా."

మళ్లీ మూడు దెబ్బలు. ఈసారి గబగబా.

షట్టరు కింది సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. నల్లగా, మసి ముద్దలా... నేల తడుముకుంటూ వచ్చి, అన్న కాలి మడమ పట్టుకుంది.

"నా తమ్ముణ్ణేం చేశావురా ముసలోడా," అంటూ వాడు గునపం ఎత్తి ఆ చేతి మీద వేశాడు. ఎముక పటుక్కుమంది. చెయ్యి వదల్లేదు. మళ్లీ వేశాడు. వేళ్లు వెనక్కి విరిగి వేలాడాయి. కసి తీరక మళ్లీ ఎత్తాడు.

అత్త టార్చి ఆ చేతి మీద పడింది. మసి మీద ఎర్రగా ఏదో కారుతోంది.

"ఆగు," అంది. "దెయ్యానికి నెత్తురొస్తుందా?"

లోపలినుంచి సన్నగా ఒక గొంతు. "కొట్టకు అన్నా... నేనే."

అప్పుడు అన్న ఏడ్చిన ఏడుపు తనకి నిద్రలో ఇప్పటికీ వినిపిస్తుందని అత్త అంది. కొట్ల మధ్య గోడలన్నీ కాలి కూలిపోయాయన్న సంగతి ఆ క్షణంలో వాడికి తట్టనే లేదు. కప్పు కూలుతుంటే తమ్ముడు అడ్డంగా ఇటు పరిగెత్తి, ఇక్కడ దూలం కింద పడ్డాడు.

గునపం దూర్చి ఇద్దరూ షట్టరు ఎత్తారు. తమ్ముడు బోర్లా పడున్నాడు. వీపు మీద దూలం. కుడి చెయ్యి భుజందాకా దాని కింద నలిగి ఉంది.

"మూడు దెబ్బలు విని కూడా ఎత్తలేదురా. నా చేతులు పడిపోను," అన్నాడు అన్న, వాడి తల ఒళ్లో పెట్టుకుని.

తమ్ముడు అర్థంకానట్టు చూశాడు.

"నేనెక్కడ కొట్టానన్నా? ఒక చెయ్యి దూలం కింద... రెండోది కదల్చడానికే ఓపిక లేదు. ఆ ముసలాయనే దాన్ని పట్టుకుని సందులోంచి బయటికి పెట్టాడు."

"ఏ ముసలాయన?"

"భయపడకు, మనవాళ్లే... ఈసారి ఎత్తుతార్లే, అన్నాడు."

అత్త టార్చి లోపలికి తిప్పింది. బూడిద తప్ప ఏమీ లేదు.

అన్న గునపం అందుకుని, ఆ షట్టరు మీద ఒక్క దెబ్బ కొట్టాడు.