ఎర్ర పెంకుల వరస

"వచ్చే సోమవారం కోట గుమ్మంలో మా నాన్న పేరు దొంగ అని చెక్కబోతున్నారు సార్," అంది ఆ అమ్మాయి డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుని.

ఆమె పాడుబడ్డ పాతకోటలో గైడు. ఆమె చిన్నప్పుడు, కోటకు మరమ్మతులు జరుగుతుండగా, అక్కడ కాపలా ఉండే తండ్రి మాయమయ్యాడు. రాజుగారి కత్తీ మాయమైంది. రెండూ కలిపి లోకం తీర్పు చెప్పేసింది. ఇప్పుడు కోట చరిత్ర చెప్పే కొత్త ఫలకంలో ఆ దొంగతనమూ ఎక్కుతోంది.

"నాన్న దొంగ కాదు సార్. అదొక్కటీ తేల్చండి చాలు."

డిటెక్టివ్‌ను వెనకాల అందరూ చాదస్తం అంటారు. అసిస్టెంటుకు మాత్రం ఆయన దేవుడితో సమానం, చాదస్తంతో సహా. మర్నాడు ఇద్దరూ టిక్కెట్లు కొనుక్కుని సందర్శకుల్లో కలిశారు.

"ఈ ఎర్ర పెంకుల వరస చూశారా?" గైడు గోడ చూపించింది. "దీని కింద ఉన్నది అసలు కోట. పైనున్నది మరమ్మతుల్లో కట్టింది. పాతదీ కొత్తదీ కలిసిపోకుండా మేస్త్రీ ఈ వరస వేస్తాడు. ఆ మేస్త్రీ మా బాబాయే. నన్ను పెంచిందీ ఆయనే."

చివరి గదిలో రాళ్ళతో మూసేసిన గుమ్మం ఉంది. గైడు దాని మీద అరచెయ్యి ఆనించి గొంతు తగ్గించింది. అనుమానంతో రాజు తన రాణిని అందులో నిలబెట్టి గోడ కట్టించాడట! అసిస్టెంటుకు ఒళ్ళు జలదరించింది. గుంపు వెనక నిలబడ్డ మేస్త్రీ, "ఎంత బాగా చెప్పావమ్మా!" అని మురిసిపోయాడు.

చాదస్తం మాత్రం ఆ గోడకు ఆనించి ఉన్న రాతి బెంచీ మీద కూర్చుని, వంగి బూటు లేసు కట్టుకున్నాడు. చాలాసేపే కట్టుకున్నాడు. మేస్త్రీ వెళ్ళాక తలెత్తాడు.

"ఈ రాణి కథ నీకెవరు చెప్పారమ్మా?"

"బాబాయే."

"మరి ఈ బెంచీ?"

"అదీ బాబాయే వేశాడు సార్, పెద్దవాళ్ళు కూర్చుంటారని."

సాయంత్రం గేటు మూశాక ఆ గదిలోనే అందరూ చేరారు. కొత్తగా వచ్చిన కోట అధికారి, గైడు, మేస్త్రీ. కూలీలు ఆపసోపాలు పడి బెంచీని పక్కకు లాగారు. గుమ్మం మూసిన గోడ అడుగున ఎర్ర పెంకుల వరస!

"రాజు కట్టించిన గోడకి మరమ్మతుల వరస ఎలా వచ్చింది మేస్త్రీ?" చాదస్తం నెమ్మదిగా అడిగాడు. "ఆ కంగారులోనూ మీ చెయ్యి అలవాటు మానలేదు. తరవాత చూసుకున్నారు. పెంకులు లాగితే గోడ కూలుతుంది, లోపలున్నది బయటపడుతుంది. అందుకే బెంచీ. గుమ్మం ఎందుకు మూశారని ఎవరూ అడగకుండా రాణి కథ."

కూలీ గునపంతో ఒక రాయి ఊడదీశాడు. సందులోంచి తుప్పుపట్టిన తాళాల గుత్తి జారి పడింది. అది కాపలాదారు గుత్తి.

మేస్త్రీ గైడు వైపు తిరిగాడు. "కత్తి తీస్తుంటే అన్నయ్య చూశాడు. పట్టుకుంటే తోశాను. తల మెట్టుకు తగిలింది. చంపాలని కాదమ్మా. నిన్ను కన్నకూతురిలా..."

"ఆ ఫలకం ఆపించేస్తాను," అన్నాడు అధికారి. ఎవరూ వినిపించుకోలేదు.

గైడు తన అరచేతినే చూసుకుంటోంది.

"రోజూ నాన్నకి గోడ ఇవతల నిలబడి కథ చెప్పాను బాబాయ్. నువ్వు వినేవాడివి. ఎంత బాగా చెప్పావమ్మా అనేవాడివి."